పరదేశ బోధకులు – ఆదాయపు పన్ను వాపసు
(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యనుగూర్చియు, విద్యార్థి వసతిగృహమునుగూర్చియు, సంఘనిధినిగూర్చియు పెద్దలు ప్రసంగించిరి. వారి పిమ్మట పన్నుల మాట యెత్తుట పెండ్లిపందిటిలో లెక్కల పుస్తకము విప్పినట్లుండునని మేమెరుగుదుము. అయినను ఆహ్వానసంఘమువారు మమ్ము పిలిచి, అమెరికాలో మూడేండ్లు ఉపాధ్యాయత్వము చేసివచ్చితిరి గావున అచ్చట మీరు నేర్చినదియు, నేర్వక నష్టపడినదియు మనవారికి తెలుపుడని కోరిరి. వారి యాజ్ఞను శిరసావహించి నాలుగు మాటలు విన్నవించుచున్నాము. నేర్చినదానికంటె నష్టపడినదియే ముందు నేర్చితిమి గనుక, మా పొరపాటును దాచక చెప్పెదము.

పూర్వము మన పిల్లలు పరదేశమునకు పోవుట యనగా చదువుకొనుటకే. ఇప్పుడు చదువు చెప్పుటకును పోవుచున్నారు. విశ్వవిద్యాలయములలో ఆచార్యులుగను, పరిశోధకులుగను పోవువారు కొందరు. జె-1 వీసాపై అచ్చటి పాఠశాలలలో గణితమును, విజ్ఞానశాస్త్రమును బోధింప పోవువారు మరికొందరు. వీరిలో ప్రయాణపు వ్యయమునకై సంఘనిధి నుండి ఋణము గొనినవారు కలరు. పొలము తాకట్టు పెట్టినవారును కలరు. కాబట్టి అచ్చట జీతములో కోతపడు ప్రతి డాలరునకును ఇచ్చట నొక లెక్క కలదు. ఆ లెక్క పోషకులకును సంబంధించినదే.

అమెరికాలో ఉపాధ్యాయుని జీతమునుండి ముందుగనే పట్టుకొను సొమ్ము మూడు విధములు. మొదటిది కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్ను. రెండవది రాష్ట్రప్రభుత్వపు ఆదాయపు పన్ను. మూడవది వార్ధక్య భృతికిని, వృద్ధుల వైద్యమునకును ఉద్దేశింపబడిన చందా. మొదటిది నూటికి 6.2, రెండవది నూటికి 1.45, వెరసి నూటికి 7.65. ఈ మూడింటికి మూడు వేరువేరు ధర్మములు. వాపసు కోరుటలో మనవారు చేయు తప్పులలో పెక్కు ఈ మూడింటిని ఒకే ముడిగా కట్టుటవలన కలుగుచున్నవి.

మొదట కేంద్రప్రభుత్వపు పన్నునుగూర్చి. భారతదేశమునకును అమెరికాకును నడుమ ఒకే ఆదాయముపై రెండు పన్నులు పడకుండుటకై యొక సంధి కలదు. ఇది 1989 సెప్టెంబరు 12వ తేదీన కొత్తఢిల్లీలో వ్రాయబడి, 1990 డిసెంబరు 18 నుండి అమలునకు వచ్చినది. ఇందు 22వ అధికరణము ఉపాధ్యాయులను, ఆచార్యులను, పరిశోధకులను గూర్చినది. వెళ్లుటకు ముందు భారతదేశ నివాసియై యుండి, గుర్తింపుపొందిన విద్యాలయములో బోధించుటకో పరిశోధించుటకో రెండు సంవత్సరములకు మించకుండ అమెరికాకు పోయినవానికి ఆ బోధనా వేతనముపై అచ్చటి కేంద్రప్రభుత్వపు పన్ను లేదు. పరిశోధన మాత్రము లోకహితార్థమై యుండవలెను. ఒక వ్యాపారసంస్థ లాభమునకే అయినచో ఈ మినహాయింపు వర్తింపదు.

ఈ హక్కును రెండు మార్గముల పొందవచ్చును. జీతమిచ్చువారికి 8233 సంఖ్యగల పత్రమును ఏటేట ముందుగనే దాఖలు చేసినచో వారు పన్ను పట్టుకొనకుందురు. వారు ఒప్పుకొనకపోయినను, పత్రమీయ మనము మరచినను, మరుసటి యేడు ఏప్రిలు 15వ తేదీ లోపల 1040-ఎన్.ఆర్. అను లెక్కపత్రమును, జీతమిచ్చినవారొసగిన డబ్ల్యు-2 చీటితో దాఖలు చేసి, కోతపడిన సొమ్మును వాపసు కోరవచ్చును. దానితో 8843 సంఖ్యగల పత్రము కూడ జతపరుపవలెను.

ఇంతవరకు అందరును సంతోషముతో విందురు. ఇక మీదనే చిక్కు కలదు. సంధిలోని రెండు సంవత్సరములు మొదటి రెండేండ్ల జీతమునకు ఊరక లభించు కానుక కావు. మన మచ్చట నుండుటయే రెండేండ్లకు మించినచో, ఉభయ ప్రభుత్వముల యధికారులు వేరుగ ఒప్పుకొన్ననే తప్ప, మూడవ యేటి మినహాయింపు మాత్రమే గాక, మొదటినాటినుండి పొందిన మినహాయింపంతయు పోవును. పుచ్చుకొనిన సొమ్మును వడ్డీతో తిరిగి కట్టవలెను. ఉపాధ్యాయుల జె-1 వీసా మూడు సంవత్సరములకు ఈయబడును. మరి యొకటి రెండు సంవత్సరములు పొడిగింపబడుటయు కలదు. వీసా మూడేండ్లు నిలువుమనును. సంధి రెండేండ్లలో మరలుమనును. ఈ రెండింటి నడుమ మా కాలు జారినది.

మేము 2021 ఆగస్టు నెలలో ఒక దక్షిణపు రాష్ట్రమునందలి పాఠశాలలో గణితోపాధ్యాయులముగా చేరితిమి. జీతము నెలకు 4,000 డాలర్లు. పాఠశాలవారు సంధిని లెక్కింపక, అన్ని విధముల పన్నులను పట్టుకొనిరి. తోడి ఉపాధ్యాయు లొకరు చెప్పగా ఏటేట లెక్కపత్రము దాఖలు చేసి, 2021వ సంవత్సరపు పన్నును, పిమ్మట 2022వ సంవత్సరపు పన్నును వాపసు పొందితిమి. రెండును కలిసి 8,000 డాలర్లకు పైచిలుకు. ఆ సొమ్ముతో ఇచ్చటి తాకట్టు విడిపించితిమి. ఆనాడు మాకంటె తెలివిగలవారు లేరని తలచితిమి.

2023 మార్చిలో పాఠశాలవారు మూడవ యేటికి ఒప్పందపత్రము పంపిరి. చేవ్రాలు చేసితిమి. ఏప్రిలులో వాపసు పత్రము దాఖలు చేసితిమి. రెండు కాగితములును ఒకే బల్లపై నుండెను. మొదటిది రెండవదానిని చెల్లకుండ చేయునని మాకు తోచలేదు, చెప్పువారును లేకపోయిరి. మరుసటి యేటి ఆరంభమున లెక్కలు తెలిసిన యొక తెలుగు సోదరుడు మా పత్రములను చూచి, "అయ్యా, మీరు వచ్చి రెండేండ్లు నిరుడు ఆగస్టులోనే నిండినవి గదా! ఇది మీది కాని సొమ్ము" అని చెప్పెను. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. సర్కారువారి తాఖీదు రాకముందే 1040-ఎక్స్ అను సవరణ పత్రములను దాఖలు చేసి, సొమ్మును వడ్డీతో కట్టితిమి. ఆనాటి వడ్డీ ఏటికి నూటికి 8. విడిపించిన తాకట్టును మరల పెట్టలేక మా తమ్ముని యొద్ద చేబదులు తీసికొంటిమి.

మూడవ యేడు నిలుచుట తప్పని మేము చెప్పుట లేదు. ఆ యేటి జీతము కట్టిన పన్నుకంటె మిక్కిలి యెక్కువ. నిలువ దలచినవారు మినహాయింపు కోరకుండుటయో, కోరి పొందిన సొమ్మును ముట్టక దాచియుంచుటయో చేయవలెను. మేము రెండును చేయలేదు. అదియే మా తప్పు.

ఇక మూడవ విధపు కోత, అనగా నూటికి 7.65 చొప్పున పోవు చందా. దీని ధర్మము వేరు. దీనికి సంధితో పని లేదు. జె-1 వీసాపై వచ్చిన ఉపాధ్యాయుడు సామాన్యముగా మొదటి రెండు పంచాంగ సంవత్సరములు అచ్చటి పన్నుచట్టము దృష్టిలో నివాసి కాడు. ఆ కాలమున ఈ చందా అతని జీతమునుండి పట్టరాదు. ఈ రెండేండ్లు వచ్చిన తేదీనుండి లెక్కింపబడవు. జనవరి మొదలు డిసెంబరు వరకు లెక్కింపబడును. ఆగస్టులో దిగినను ఆ యేడు పూర్తి యేడుగనే లెక్కకు వచ్చును. కావున మాకు 2021 ఆగస్టు నుండి 2022 డిసెంబరు వరకు 17 నెలల చందా పట్టరాదు, కాని పట్టిరి. నెలకు 306 డాలర్ల చొప్పున 17 నెలలకు 5,202 డాలర్లు. ఎన్నేండ్లు నిలిచినను ఈ సొమ్ముపై మన హక్కు పోదు. మేము మాది కానిదానిని అడిగి పుచ్చుకొంటిమి. మాదైనదానిని అడుగక విడిచితిమి. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మనవారు చెప్పుదురు. పరదేశపు బొక్కసము పెట్టునా?

ఈ చందా వలన ఫలము పొందవలెనన్నచో సామాన్యముగా పదేండ్లు చందా కట్టి 40 మార్కులు కూడబెట్టవలెను. ఒక దేశమున కట్టిన చందాను మరియొక దేశపు లెక్కలో కలుపు ఒడంబడిక భారత అమెరికాల నడుమ లేదు. కాబట్టి మూడేండ్లుండి మరలినవారికి ఆ చందా నీటిలో వేసిన రాయియే. నివాసి కాని కాలపు సొమ్మునైనను రాబట్టుకొనుట మన విధి. హెచ్-1బి వీసాపై పోయినవారికి మాత్రము ఈ చందాలో మినహాయింపు లేదు; వారు పొరపడి కోరరాదు.

దీనిని కోరు క్రమమెట్లనగా: మొదట జీతమిచ్చినవారిని వ్రాతమూలముగా అడుగవలెను. వారు ఈయకున్నచో 843 సంఖ్యగల దరఖాస్తును, 8316 సంఖ్యగల వాఙ్మూలమును, డబ్ల్యు-2 చీటి, వీసా, ఐ-94, డి.యస్.-2019 అను పత్రముల ప్రతులతో పంపవలెను. మేము 2024 వేసవిలో స్వదేశమునకు మరలిన పిమ్మటనే ఈ సంగతి తెలిసినది. గడువు సామాన్యముగా మూడు సంవత్సరములు. 2021వ సంవత్సరపు చందాకు గడువు 2025 ఏప్రిలు 15తో తీరును. ఆ శరదృతువుననే దరఖాస్తులు పంపితిమి. చాల మాసములు గడచిన పిమ్మట సొమ్ము చేరినది. అచ్చటి బ్యాంకు లెక్కను మూయక యుంచుటయే మాకు మేలైనది. 2025 సెప్టెంబరు 30 నుండి అమెరికా ప్రభుత్వము కాగితపు చెక్కుల నిచ్చుట క్రమముగా మానుచున్నది.

రాష్ట్రప్రభుత్వపు పన్నునుగూర్చి యొక్క మాట. సంధి కేంద్రప్రభుత్వమునకు సంబంధించినది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రములు దానిని లెక్కింపవు. అచ్చట కేంద్రపు పన్ను లేకున్నను రాష్ట్రపు పన్ను కట్టవలసినదే. టెక్సాస్, ఫ్లోరిడాల వంటి రాష్ట్రములలో జీతముపై రాష్ట్రపు పన్నే లేదు. కాబట్టి పోవు రాష్ట్రమేదియో ముందుగ విచారింపవలెను.

స్వదేశపు విధిని కూడ మరువరాదు. ఉద్యోగార్థము వెడలిన భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరమున ఇచ్చట 182 దినములకు తక్కువగ నున్నచో నివాసి కాడు. పరదేశపు జీతముపై ఇచ్చట పన్ను లేదు. మరలి వచ్చిన సంవత్సరమున 182 దినములు నిండినచో నివాసి యగును. అప్పుడు ఏప్రిలు నుండి అచ్చట పుచ్చుకొనిన జీతమును ఇచ్చటి లెక్కలో చూపి, అచ్చట కట్టిన పన్నునకు తగ్గింపు కోరవలెను. పరదేశమున మూయక యుంచిన బ్యాంకు లెక్కను కూడ చూపవలెను. దాచినవారికి దండుగ పడవచ్చును. వాపసునకై యుంచిన లెక్క దండుగకు మూలము కారాదు.

వాపసు కోరి పెట్టెదమని ప్రకటనలు చేయువారు పెక్కుమంది కలరు. విద్యార్థులకు మాత్రమే చెల్లు మినహాయింపును ఉపాధ్యాయులకు వ్రాసి, పెద్ద సొమ్ము ఆశచూపి, అందులో భాగము పుచ్చుకొని తప్పుకొనువారిని మేము చూచితిమి. పత్రము క్రింద చేవ్రాలు మనది. పిదప వచ్చు తాఖీదును మన పేరనే వచ్చును.

సోదరులారా! కష్టపడి నేర్చినదానిని ఇతరులు కష్టపడకుండ నేర్పుటకే సంఘములు పుట్టినవి. కావున ఈ మహాసభ యెదుట మూడు మనవులు చేయుచున్నాము. ఒకటి: పరదేశ ప్రయాణమునకు సంఘనిధి నుండి ఋణమిచ్చునప్పుడు, చేరు తేదీ, రెండేండ్లు నిండు తేదీ, నివాసి యగు సంవత్సరము, దరఖాస్తుల గడువులు వ్రాసికొనుటకు తగిన యొక పత్రమును అచ్చువేయించి చేతికీయవలెను. రెండు: మరలి వచ్చిన బోధకులు నెలకొకనాడు సంఘకార్యాలయమున కూర్చుండి, వెళ్లబోవువారి కాగితములను చూచి పెట్టవలెను. మేము మొదటి పేరు వ్రాయించుకొనుటకు సిద్ధముగ నున్నాము. మూడు: జీతపు చీటీలు, వీసా, రాకపోకల తేదీలు గల పత్రములను ప్రతివారును పదిలపరుపవలెను, కాగితము లేని హక్కు సర్కారు కచేరీలో హక్కు కాదు.

చివరకు పోషకుల కొక మాట. మేము వెళ్లునప్పుడు మీ నిధి నుండి ఋణము గొంటిమి. మూడేండ్లు సంపాదించియు, ఆ పన్నును వడ్డీతో కట్టుటవలన, దానిలో కొంత తీర్చలేక మరలి వచ్చితిమి. అడిగినవారు లేరు, అందుచేతనే మాకు మరింత సిగ్గు. పైన చెప్పిన 5,202 డాలర్లు చేరిననాడు మిగిలిన ఋణమును దానితోనే తీర్చితిమి. కార్యదర్శిగారిచ్చిన రసీదు మా యొద్ద కలదు. ఈ సొమ్ము మరియొక పిల్లవాని ప్రయాణమునకు పోవుచున్నదని వినుచున్నాము. అతడు మూడవ యేటి కాగితముపై చేవ్రాలు చేయుటకు ముందు వ్రేళ్లపై సంవత్సరములు లెక్కించుకొనునేని మా ఉపన్యాసము సార్థకము.