మృగయాధర్మము – జీపుబండి



ఖర్కాయి కీవల ఆదిత్యపూరు, సువర్ణరేఖ కావల దల్మా కొండలు, నడుమ జంషెడ్‌పూరు. ఆ కొండలపైకి ఏటేటా వేసవిలో సంతాలీ, హో మున్నగు ఆదివాసులు 'సేంద్రా' యను వేటపండుగకు విల్లంబులతో కాలినడకను పోవుదురు.

జీపువేట వేరు. రాత్రివేళ బండిని పొదలమీదుగా తోలి, దీపమును జింక కన్నులలోనికి కొట్టి, అది దిక్కుతోచక నిలిచినంతనే తుపాకి పేల్చుదురు. వేటగానికి శ్రమ లేదు. మృగమునకు తప్పించుకొను త్రోవ లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము లైసెన్సుపై వేటను కొంత అనుమతించియు, వాహనమునుండి వేటాడుటను నిషేధించినది. 1991 సవరణతో ఆ లైసెన్సువేటయే తొలగినది. దల్మా అభయారణ్యమున నేడు రెండు వేటలును నేరములే. అయినను నీతిదృష్టిలో రెండును సమానములు కావు.

భారతమున కిందమముని పాండురాజును నిందించినది మృగమును వేటాడినందుకు గాదు. ప్రియురాలితో కూడి, పారిపోలేని వేళ కొట్టినందుకు. దీపపు వెలుగున నిలిచిపోయిన జింకయు అట్టిదే.

తుపాకి పట్టినవాడొక్కడే దోషి కాడు. బండి నిచ్చినవాడును, వేడుక చూడ వెంట కూర్చున్నవాడును అందు భాగస్వాములే. పిలుపు వచ్చినపుడు ఆ బండి నెక్కకుండుటయే ఉద్యోగికి తగిన మర్యాద.