సముద్రములో రొద
(మైపాడులో మత్స్యకారుల సభయందు చేసిన ప్రసంగపాఠము)



నీట మునిగినవానికి కంటికి కానరాని మరపడవ చప్పుడు సైతము వినబడుట మీరెరిగినదే. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. సముద్రజలములో సుమారు 1,500 మీటర్లు పోవును. మనకిది వింత. డాల్ఫినులకు, తిమింగిలములకు ఇదియే బ్రతుకుతెరువు.

ఇవి చేపలు కావు. మనవలె గాలి పీల్చి, పిల్లలకు పాలిచ్చును. పెన్న వరదనీరు కలిసి కడలి బురదబారినపుడు కన్నేమి చూడగలదు? డాల్ఫిను టిక్కుటిక్కుమని ధ్వని చేసి, అది చేపకు తగిలి మరలివచ్చుటనుబట్టి చేప జాడ కనిపెట్టును. చెవితో చూచుట యనగా మొదట మేమును నవ్వుకొంటిమి. పెద్ద తిమింగిలములు బొంగురు గొంతుతో బహుదూరమునకు పిలుచుకొనును. ఓడల మరలు, పంకాలు చేయు రొదయు అట్టి బొంగురు ధ్వనియే. తిరునాళ్ళలో తల్లి కేక బిడ్డకు అందనట్లు, ఆ పిలుపు ఆ రొదలో అణగిపోవును.

2001 సెప్టెంబరులో అమెరికాపై దాడులు జరిగిన పిదప కొన్ని దినములు ఓడల రాకపోకలు తగ్గినవి. కెనడాలోని ఫండీ అఖాతమున చప్పుడు 6 డెసిబెల్లులు తగ్గెను. అప్పుడు సేకరించిన తిమింగిలముల మలమును పరీక్షింపగా, దేహములోని కలవరమును తెలుపు ద్రవ్యములును తగ్గినట్లు తేలెను. శాస్త్రజ్ఞులు 2012లో ఈ సంగతి ప్రకటించిరి.

ఇక మన తీరము. కృష్ణపట్నమున 2008లో పెద్ద ఓడరేవు ప్రారంభమయ్యెను. బొగ్గు దిగుచున్నది, పని దొరకుచున్నది. రేవు వలదని మేము చెప్పము. ఓడలు వేగము తగ్గించిన సాధారణముగా చప్పుడు తగ్గును. అంతర్జాతీయ నౌకాసంస్థ 2014లో ఇట్టి సూచనలిచ్చి, 2023లో సవరించెను. అవి సూచనలే గాని నిర్బంధములు కావు. ఇది పెద్ద కొరతయని మా యభిప్రాయము.

మీ పడవల మాటయు చెప్పవలెను. అంచు వంగిన పంకా రొద హెచ్చించును, డీజిలును హెచ్చుగా త్రాగును. సరిచేయించిన లాభము మొదట మీకే.

2016 జనవరిలో తమిళనాట తిరుచెందూరు వద్ద 80కి పైగా తిమింగిలములు ఒడ్డున పడినవి. ప్రతి మరణమునకు చప్పుడే హేతువనుట తగదు. కాని మీ ఒడ్డున అట్టి జంతువు పడినచో వెంటనే అటవీశాఖకు కబురంపుడు. 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము డాల్ఫినును చంపుట నేరము. తోక పట్టి ఈడ్వరాదు. మేనిపై తడిగుడ్డ కప్పవలెను. అది నడినెత్తిన రంధ్రముతో ఊపిరి పీల్చును గనుక అందు నీరు పోయరాదు. చుట్టును జనము మూగి కేకలు వేయకుండ చూడుడు.