సంస్కృతి యెవరి సొత్తు?
(వార్షిక మహాసభ విద్యార్థి గోష్ఠియందలి యుపన్యాసము)



మన వసతిగృహమునుండి విశ్వవిద్యాలయములకు పోవు పిల్లలలో కొందఱు సంస్కృతీ అధ్యయనమను శాస్త్రమును కోరుచున్నారు. ఇది విని పెద్దలు, "పాటలు, పండుగలు, సినిమాలు చదువుటకు విద్యార్థివేతన మేల?" అని యడుగుచున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటయు, ఆ శాస్త్రమునందలి మూలభావములను విద్యార్థులకు పరిచయము చేయుటయు మా యుద్దేశము.

ఈ విద్య ఇంగ్లండునందు పుట్టినది. 1964లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ హోగార్టు సమకాలిక సంస్కృతీ అధ్యయన కేంద్రమును స్థాపించెను. ఆయన లీడ్సు నగరపు కార్మికవాడలో, తల్లిదండ్రులను చిన్ననాటనే కోల్పోయి, అవ్వ పెంపకమున పెరిగినవాడు. ఈ శాస్త్రమునకు పునాది వేసిన రేమండ్ విలియమ్సు వేల్సు పల్లెలోని రైల్వే సిగ్నలు పనివాని కుమారుడు. వీరిరువురును వయోజన విద్యాతరగతులయందు పెక్కేండ్లు పాఠములు చెప్పిరి. తరువాత కేంద్రమును నడపిన స్టూవర్టు హాలు 1951లో జమైకా ద్వీపమునుండి ఆక్సుఫర్డునకు చదువ వచ్చిన నల్లజాతీయుడు. బర్మింగ్‌హామునందలి ఆ శాఖ 2002లో మూయబడినను, ఆ విద్య మాత్రము పలు దేశములకు వ్యాపించినది. బీదయిండ్లనుండి చదువునకు వచ్చినవారు కట్టిన యీ శాస్త్రము మన వసతిగృహపు పిల్లలకు పరాయిది కాజాలదు.

ఇందు మొదటి భావము సంస్కృతి సామాన్యమైన దనునది. 1958లో విలియమ్సు దీనిని ప్రతిపాదించెను. కావ్యములును శిల్పములును మాత్రమే సంస్కృతి గాదు. జనులు దినదినము బ్రదుకు రీతి యంతయు సంస్కృతియే. తిరుగటి యొద్ద పాడిన పాటయు, పెండ్లిపందిటిలో ముందు కూర్చుండువా రెవరు, వెనుక నిలుచువా రెవరు అను ఏర్పాటును పరిశీలింపదగినవే.

రెండవది యెన్నిక. గతమునం దున్నదంతయు మనకు సంప్రదాయముగా రాదు. ఎవరో కొంత యేఱి నిలుపుదురు, కొంత విడుతురు. ఏఱినవారి పేరు మఱుగుపడి, ఏఱబడినదే సర్వస్వమని తరువాతివారు నమ్ముదురు. తెనుగుననే నిదర్శనము గలదు. తంజావూరు ప్రతాపసింహుని కాలపు ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించెను. ఆమె వేశ్యాకులమున పుట్టినది. వీరేశలింగముగారు ఆమె శృంగారమును గర్హించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యమును ప్రకటించి, పురుషకవులు వ్రాసిన శృంగారమునకు లేని దోషము స్త్రీ వ్రాసినదానికి మాత్ర మెట్లు వచ్చినదని యడిగిరి. ఆంగ్ల ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా నున్న కాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. పద్యములు మాఱలేదు, తీర్పరులు మాఱిరి.

మూడవది సమ్మతిచే సాగు ఆధిపత్యము. ఇటలీ దేశీయుడగు ఆంటోనియో గ్రాంసీని ముస్సోలినీ ప్రభుత్వము 1926లో చెఱసాలయం దుంచెను. ఆయన అచ్చట వ్రాసిన పుస్తకములయందు దీనిని వివరించెను. బలవంతులు లాఠీచేత మాత్రమే యేలరు. తమ రీతియే సహజమని బలహీనులు తామే యొప్పుకొనునట్లు చేయుదురు. పల్లెనుండి వచ్చిన బాలుడు తన తల్లి మాటాడు యాసను పట్టణమున దాచుకొనును. దాచుకొమ్మని వాని నెవరును కొట్టలేదు. తెనుగు సినిమాలయందు చిరకాలము తెలంగాణపు యాస హాస్యగానికిని ప్రతినాయకునికిని మాత్రమే దక్కినది. చూచినవారు నవ్విరి, ఆ యాసవారును నవ్విరి. సభయందు మేము వాడుచున్న యీ గ్రాంథికమును అట్టి గౌరవమును నమ్మి నేర్చినదే యని యొప్పుకొనుచున్నాము.

నాలుగవది పఠనము. 1973లో స్టూవర్టు హాలు దూరదర్శన ప్రసారములను గూర్చి వ్రాయుచు, పంపువా డుద్దేశించిన యర్థమే చూచువానికి చేరునను నియమము లేదనెను. ఒక ధారావాహికలోని యోర్పుగల కోడలిని చూచి యింటి పెద్ద మెచ్చుకొనును, కోడలు కొంత యొప్పుకొని కొంత కాదనును, చదువుకొను కూతురు "ఆ యోర్పు వలన లాభ మెవరికి?" అని యడుగును. చిత్ర మొకటే, పఠనములు మూడు.

ఇక ఈ చూపును మనవైపు త్రిప్పుకొందము. తెలంగాణమునందు పలుకులముల పురాణములను ఆశ్రితగాయకులు పటముపై చూపి పాడుదురు. చేర్యాల నకాశీలు ఆ పటములను చిత్రించుదురు. మా బాల్యమున మా వాకిటను అట్టి పటము విప్పబడెడిది. గాయకుడు రాత్రులు కథ చెప్పి, ధాన్యమును వస్త్రమును గైకొని పోయెడివాడు. మన వంశకథ మేము మొదట విన్నది ఆతని నోటనే. అయినను వెనుక నొక సంచికకు కులచరిత్ర వ్రాయవలసి వచ్చినపుడు, రాజులను, శాసనములను, దాతలను పేర్కొంటిమి. ఆ గాయకుని మఱచితిమి. మఱచితిమనుట కూడ సరికాదు. గౌరవమునకు చాలడని విడిచితిమి. మన స్త్రీలను సైతము ఫలానావారి భార్య యనియే వ్రాసితిమి. గత సంవత్సరము వసతిగృహపు బాలిక యొకతె ఆ వ్యాసమును చదివి, "అయ్యా, ఆ పటము ఇప్పు డెక్కడ నున్నది?" అని యడిగినది. మాకు సమాధానము లేకపోయెను. మేము వ్రాసినదానిలో లేనిదానిని ఆమె చదివినది. పెద్దలడిగిన ప్రశ్నకు మా సమాధాన మిదియే.

పోషకమహాశయులారా! వైద్యునికిని యంత్రశాస్త్రవేత్తకును మీరిచ్చు వేతనము సత్కార్యమే. వారితోపాటు ఇట్టి ప్రశ్న లడుగువారికిని ఒక వేతన మేర్పఱుపుడు. వారు మన గొప్పలను మాత్రమే వ్రాయవలెనని నియమము పెట్టకుడు. మన పంక్తి వెలుపల మనము నిలిపినవారిని గూర్చియు వారు వ్రాయుదురు గాక. నిజము వినలేని కులమునకు చరిత్ర యుండదు, పొగడ్త మాత్రమే యుండును.

విద్యార్థులారా! మీరును తొందరపడి తీర్పు చెప్పకుడు. సెలవులలో గ్రామములకు పోయి, ముసలివారి యెదుట కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు వారి యాసలోనే వ్రాసికొనుడు. ఆ గాయకుల సంతతివా రెచ్చట నున్నారో వెదకుడు. వచ్చు సంవత్సరపు సంచికలో వారి పేరుతో ఒక పుట యుండవలెనని మా కోరిక. అందుకొఱకు మా వ్యాసమును తగ్గించినను మేము సంతసింతుము.