కంపెనీ నుంచి చట్టసభకు



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది కంపెనీల్లో చేరతారు. కొందరు ఏనాటికైనా ప్రజాజీవితంలోకి వస్తారు. ఆ రెండు దారులూ నడిచిన గల్లా జయదేవ్ గారి ప్రస్థానం ఆధారంగా ఒక్క వాదన మీ ముందుంచుతాను. అమెరికాలో చదివి, అక్కడే బ్యాటరీల సంస్థలో పనిచేసి, తండ్రి 1985లో మొదలుపెట్టిన అమరరాజా బ్యాటరీల సంస్థకు ఆయన తిరిగొచ్చారు. 2014లోనూ, 2019లోనూ గుంటూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. 2018 జులై 20న కేంద్రంపై అవిశ్వాస తీర్మానం చర్చకు వచ్చినప్పుడు తెలుగుదేశం తరఫున చర్చను ప్రారంభించింది ఆయనే. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా, రెవెన్యూ లోటు వంటి విషయాలను లెక్కలతో వాదించడంలో కంపెనీ అనుభవం అక్కరకొస్తుందని ఒప్పుకోవాలి. బ్యాలెన్స్ షీటు చదవగలిగినవాడు బడ్జెట్‌లో దాగినదాన్ని సులువుగా పసిగడతాడు.

చిక్కు మరోచోట ఉంది. 2021 ఏప్రిల్ చివర చిత్తూరు జిల్లాలోని అమరరాజా కర్మాగారాలను మూసేయాలని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. హైకోర్టు ఆ ఆదేశాలను నిలిపివేసింది. అది కాలుష్యం మీద చర్యా, ప్రతిపక్ష ఎంపీ మీద కక్షా అన్నదే అప్పుడు జరిగిన వాదమంతా. ఎవరి మాట నిజమన్నది అటుంచండి. యజమాని ఎంపీ కావడంతో, బ్యాటరీల సీసం గాలిలో, నీటిలో ఎంత ఉందన్న అసలు ప్రశ్న పక్కకు పోయింది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ప్రాణాలు తీసిన ఈ విశాఖ నగరానికి, నియంత్రణ మండలి మాట నమ్మదగినదిగా ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. ప్రయోజనాలు కలగలిసినప్పుడు అవినీతి జరగకపోయినా నమ్మకం పోతుంది.

అలాగైతే వ్యాపారులు చట్టసభల గడప తొక్కకూడదా అని అడగవచ్చు. వకీలుకు కక్షిదారులు, రైతుకు భూమి, వైద్యుడికి ఆసుపత్రి ఉన్నాయి. ప్రయోజనం లేని మనిషి ఎక్కడా దొరకడు. కాబట్టి తలుపు మూయడం పరిష్కారం కాదు, ప్రయోజనాన్ని బయటపెట్టడమే పరిష్కారం. రాజ్యసభ సభ్యుల డైరెక్టర్ పదవులు, సంస్థపై నియంత్రణ ఇచ్చే వాటాలు, జీతం పుచ్చుకునే సలహా పనులు నమోదు చేసే రిజిస్టరు ఉంది. లోక్‌సభలో 371వ నిబంధన ప్రకారం, సొంత ఆర్థిక ప్రయోజనం ఉన్న సభ్యుడి ఓటును సవాలు చేయవచ్చు. అయితే ఎవరో లేచి అడిగితేనే అది పనిచేస్తుంది. ఒక మంత్రి రహస్య ఖాతా బయటపడ్డాక 2013లో ఫ్రాన్స్ ఒక స్వతంత్ర సంస్థను నెలకొల్పి, పార్లమెంటు సభ్యులు తమ ప్రయోజనాలను దానికి ప్రకటించాలని చట్టం చేసింది. ఇలాంటి ప్రకటన నిజాయతీపరుడైన పారిశ్రామికవేత్తకే ఎక్కువ రక్ష: అతని ఓటుపై అనుమానం తగ్గుతుంది, అతని సంస్థపై కక్ష తీర్చుకోవడం కూడా కష్టమవుతుంది.

2024 జనవరిలో జయదేవ్ గారు రాజకీయాలకు విరామం ప్రకటించి వ్యాపారానికి మళ్లారు. వ్యక్తిగా అది ఆయన ఇష్టం. కానీ సమర్థులు రెంటిలో ఒకటి వదులుకోక తప్పని స్థితి సభకు నష్టం. ఉక్కు కర్మాగారం, ఓడరేవు భవితవ్యాన్ని తేల్చే బల్లల చుట్టూ రేపు మీరు కూర్చోవచ్చు. అక్కడ మీకున్న వాటాలేమిటో ఎవరూ అడగకముందే రాసిచ్చి, ఆ తర్వాతే నోరు విప్పండి.