బరువు బండి, దిగుడు దారి



మాది ముమ్మిడివరము. మా కోనసీమలో కొండ యనునది లేదు. గౌతమికిని వసిష్ఠకును నడుమ సముద్రతీరము వరకు పరచుకొన్న ఈ నేల అరచేతివలె చదునైనది. అట్టి చోటివారు దిగుడు దారులను గూర్చి ప్రసంగింపబూనుట వింతగా తోచవచ్చును. కాని కొండలు లేని సీమకు గట్లున్నవి. ధవళేశ్వరమున 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట మాకు కాలువల నిచ్చినది. ఏటి వరదలనుండి ఊళ్లను కాపాడుటకు ఏటిగట్లు కలవు. 1986 ఆగస్టు వరదలో అవి పలుచోట్ల తెగిన పిమ్మట వాటిని ఎత్తుచేసి బలపరచిరి. ఊరు గట్టున కీవల, లంకభూమి ఆవల. కావున లంకలో పండిన కొబ్బరియైనను, అరటియైనను, కూరగాయయైనను గట్టెక్కి దిగినగాని ఇల్లు చేరదు. ఇది గాక, యానామునకును ఎదుర్లంకకును నడుమ గౌతమిపై బాలయోగి వారధి యున్నది. ఆ వారధికి ఇరువైపుల వాలుదారులున్నవి. బరువుతో ఎక్కిన ప్రతి బండియు బరువుతోనే దిగవలెను. ఆ దిగుటను గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ట్రాక్టరులు రాకమునుపు ఈ గట్లను ఎడ్లబండ్లు ఎక్కి దిగెడివి. ఎక్కునపుడు బండివాడు ఎడ్లను అదలించెడివాడు. దిగునపుడు తాను నేలకు దుమికి, పగ్గములు బిగబట్టి, ఎడ్లచేత అడుగులో అడుగు వేయించెడివాడు. బరువు మిక్కిలిగా నున్నచో ఇద్దరు మనుష్యులు వెనుకనుండి బండిని పట్టి లాగెడివారు. దిగునపుడు బండి ఎడ్లమెడమీదికి వచ్చును. ఎడ్లు కాళ్లు తన్నిపట్టి ఆ బరువును ఆపవలెను. అట్టి సమయమున కాడి విప్పి, ఎడ్లను తప్పించి, బండిని వాలుమీద వదలు బండివాడు ఎక్కడనైన నుండునా? నేడు యంత్రమును నడుపువారిలో కొందరు అచ్చముగా ఆ పనియే చేయుచున్నారు. గట్టు దిగునపుడు గేరు తీసి న్యూట్రలులో వదలుట యనగా కాడి విప్పుటయే.

ఈ మాట అతిశయోక్తి కాదని లెక్క చూచిన తెలియును. ధాన్యపు బస్తా 75 కిలోలు. ట్రక్కులో 60 బస్తాలు వేసిన 4,500 కిలోలగును. ట్రక్కు సొంత బరువును కలిపిన మొత్తము ఆరు టన్నులకు చేరును. దానిని లాగు ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులే. అనగా లాగునది ఒక వంతు, లాగబడునది మూడు వంతులు. పది అడుగులకు ఒక అడుగు దిగు వాలుమీద ఆ ట్రక్కు ట్రాక్టరును వెనుకనుండి 600 కిలోల బలముతో నెట్టును. ఎనిమిది ధాన్యపు బస్తాల బరువు ఒక్కుమ్మడిగా హుక్కుపై పడి ముందునకు త్రోయుచున్నదని ఊహించుకొనుడు. చదును నేలపై ట్రాక్టరునకు లోబడి వచ్చిన ట్రక్కు, వాలుపై ట్రాక్టరును తాను నడపజూచును.

ఈ త్రోపును ఆపుటకు రెండు సాధనములు కలవు. ఒకటి బ్రేకు, రెండవది ఇంజను. బ్రేకు సంగతి అందరికిని తెలిసినదే. ఇంజను బండిని లాగును గాని ఆపునా యని సందేహము కలుగవచ్చును. ఆపును. బండి గేరులో నుండగా డ్రైవరు యాక్సిలరేటరుపైనుండి కాలు తీసివేసినచో, ఇంజను చక్రములను త్రిప్పుటకు మారుగా చక్రములే ఇంజనును త్రిప్పవలసి వచ్చును. ఇంజనులోని పిస్టనులు గాలిని లోనికి పీల్చి, నొక్కి, వెలికి నెట్టుచుండవలెను. బేరింగులు, పిస్టను రింగులు, చమురు పంపు, అన్నియు తిరుగవలెను. ఈ చాకిరి యంతయు చక్రములమీద పడును. అందుచేత చక్రములు వడి తగ్గును. వాలుపై ఎడ్లు కాళ్లు తన్నిపట్టుట యెట్టిదో, ఇదియు నట్టిదే.

ఈ పట్టు ఎంత గట్టిదన్నది గేరునుబట్టి యుండును. పై గేరులో చక్రము ఒకసారి తిరిగిన ఇంజను అయిదుసార్లు తిరుగుననుకొనుడు. క్రింది గేరులో చక్రము ఒకసారి తిరిగిన ఇంజను ఇరువదిసార్లు తిరుగవచ్చును. ఎక్కువసార్లు తిరిగిన కొలదియు ఇంజను అడ్డగింపు హెచ్చును; గేరులు ఆ అడ్డగింపును పెంచి చక్రమునకు అందించును. కావుననే పెద్దగేరులో లేశమైనను తెలియని పట్టు, రెండవ గేరులోనో మొదటి గేరులోనో స్పష్టముగా తెలియును.

పాత డ్రైవర్లు చెప్పు సూత్రమొకటి కలదు. ఏ గేరులో ఎక్కుదువో ఆ గేరులోనే దిగవలెను. ఇది మంచి సూత్రము. ఇప్పటి ఇంజనులకు బలమెక్కువ కనుక ఎక్కిన గేరుకంటె ఒక గేరు క్రిందికి వేసికొనుట ఇంకను మంచిది. అంతకంటె ముఖ్యమైన దేమనగా, ఆ గేరును వాలు మొదలుకాకముందే, గట్టుపైననే వేసికొనవలెను. సగము దిగిన పిమ్మట గేరు మార్చబోయినచో క్లచ్చి నొక్కిన క్షణమున ఇంజను పట్టు పోవును. బండి వడి హెచ్చును. వడి హెచ్చిన పిమ్మట క్రింది గేరు పడదు, పై గేరును పడకపోవచ్చును. చేతిలో గేరు కఱ్ఱ, వెనుక ఆరు టన్నుల బరువు, ఎదుట కాలువ. అందుచే వాలు తలమీద ఒక్క నిమిషము ఆగి గేరు వేసికొన్నవాడే తెలివిగలవాడు.

గట్టు దిగుట కొన్ని గజముల పని. దీర్ఘమైన కనుమదారులలో చిక్కు వేరొక విధముగా వచ్చును. మా ప్రాంతపు కొబ్బరి లారీలు ఒడిశాకును ఛత్తీస్‌గఢ్‌కును పోవునపుడు మన్యపు కనుమలను దిగవలెను. మారేడుమిల్లినుండి చింతూరువైపు పోవు దారి అట్టిది. అక్కడ శత్రువు వేడి. బ్రేకు చేయు పని యేమి? బండి వడిని రాపిడిచేత వేడిగా మార్చుటయే. పది టన్నుల లారీ పది మీటర్ల ఎత్తు దిగినచో పుట్టు వేడితో మూడు లీటర్ల నీటిని కాగబెట్టవచ్చును. తిరుమలనుండి తిరుపతికి దిగుట సుమారు 700 మీటర్లు. ఆ లెక్కను పది టన్నుల బండి ఆ దారి దిగునపుడు పుట్టు వేడి రెండువందల లీటర్లకు పైబడిన నీటిని మరగించగలదు. ఇంత వేడియు నాలుగు బ్రేకు డ్రమ్ములలోనే చేరిన ఏమగును? డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనింగుకు దూరమగును. లైనింగు పట్టు కోల్పోవును. డ్రైవరు పెడలును ఎంత త్రొక్కినను బండి నిలువదు. బ్రేకు విరుగలేదు, తెగలేదు; అలసిపోయినదంతే.

తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. నేడు రెండవదానిని ఎక్కుటకును మొదటిదానిని దిగుటకును వాడుచున్నారు. ఆ దారిలో దిగు బస్సులో కూర్చున్నవారు ఇంజను మూలుగును వినియే యుందురు. బండి పాడైనదని భయపడవలదు. డ్రైవరు బరువును ఇంజనుమీద మోపి బ్రేకులను చల్లగా నుంచుచున్నాడని ఆ మూలుగునకు అర్థము. అది వినబడక బండి నిశ్శబ్దముగా జారుచున్నపుడే భయపడవలెను.

బరువును గూర్చియు ఒక మాట. 2018 సెప్టెంబరు 11న తెలంగాణములోని కొండగట్టు కనుమదారిలో ఒక బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. ఆ బస్సులో పరిమితిని మించి, సుమారు నూరుగురు ఎక్కియుండిరి. బరువు పెరిగిన కొద్దియు దిగుటలో త్రోపును, వేడియు అదే పాళ్లలో పెరుగును. రెట్టింపు బరువునకు రెట్టింపు వేడి. బ్రేకు డ్రమ్ములు మాత్రము అవియే.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో డీజిలు ఇంజనుల నిర్మాతయైన క్లెస్సీ కమిన్స్ 1931లో ఒక డీజిలు ట్రక్కుతో ఆ దేశమును అడ్డముగా దాటుచు, కాలిఫోర్నియాలోని కేజన్ కనుమ దిగుచుండగా బ్రేకులు పనిచేయక ట్రక్కు వశము తప్పినది. దారి చివర రైలు పట్టాలు, వాటిపై పోవుచున్న గూడ్సు బండి. ఆ రైలు తుది పెట్టె దాటిపోయిన వెంటనే ట్రక్కు పట్టాలు దాటుటచే ప్రాణములు దక్కినవి. ఆ భయమును ఆయన మరువలేదు. ఇంజనులో నొక్కబడిన గాలి స్ప్రింగువలె తిరిగి పిస్టనును నెట్టి, పట్టులో చాల భాగమును హరించునని ఆయనకు తెలియును. నొక్కుట ముగిసిన క్షణముననే కవాటమును తెరచి ఆ గాలిని బయటికి వదలినచో, నొక్కుటలోని శ్రమ యంతయు బండిని ఆపుటకే చెల్లును గదా. ఈ ఆలోచన ఫలితమైన ఇంజను బ్రేకు 1961లో అంగడిలోనికి వచ్చినది. మన బరువు లారీలలో తరచుగా కానవచ్చు ఎగ్జాస్టు బ్రేకు మఱియొక విధము. అది పొగగొట్టమును ఒక రేకుతో మూసి పిస్టనులకు ఎదురొత్తిడి కలిగించును. ఉపాయములు వేరైనను సూత్ర మొక్కటే.

రైళ్లకును ఇదే సూత్రము. బైలదిల్లా ఇనుపరాయిని మోయు రైళ్లు కిరండూలునుండి అరకు కొండలమీదుగా విశాఖపట్టణము చేరును. సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల ఎత్తుననున్న శిమిలిగూడ దాటి, బొఱ్ఱా మీదుగా మైదానమునకు దిగవలెను. అక్కడ విద్యుదింజనులోని మోటార్లను చక్రములే త్రిప్పునట్లు చేసి, వాటిచేత విద్యుత్తు పుట్టించి, ఆ శ్రమతో బండి వడిని అరికట్టుదురు. వేలకొలది టన్నులను దించువారు కేవలము బ్రేకు దిమ్మలను నమ్ముకొనలేదు.

ఇక మన ట్రాక్టరు సంగతికి వత్తము. న్యూట్రలులో దిగినచో డీజిలు మిగులునని ఒక నమ్మకము వ్యాపించియున్నది. ఇది పొరబాటు. బండి గేరులో నుండగా కాలు తీసి దిగినచో, ఇంజను వడి తగినంత యున్నంతసేపు పంపు డీజిలును ఇంజనునకు పంపదు. చక్రములే దానిని త్రిప్పుచుండును. న్యూట్రలులోనైతే ఇంజను ఆగిపోకుండుటకు డీజిలు కాలుచునే యుండవలెను. అనగా ప్రాణములకు తెగించి మిగిల్చినది డీజిలు కాదు, శూన్యము. ఇంజనునే కట్టివేసి జారుట ఇంతకంటె ఘోరము. పవరు స్టీరింగు బిగిసిపోవును; లారీలలో బ్రేకులకు గాలి నింపు యంత్రము నిలిచిపోవును.

ఇంజను అరుపునకు యజమానులు జంకుట కూడ కద్దు. ఇంజను తిరుగుచున్నంతసేపు చమురు పంపును తిరుగుచునే యుండును. కావున భాగములకు తడి అందును. మీటరుపై ఎఱ్ఱగీత దాటనీయకున్న హాని లేదు. ముల్లు ఆ గీతకు దగ్గరైనపుడు బ్రేకును గట్టిగా ఒకసారి త్రొక్కి, వడి తగ్గినంతనే విడిచిపెట్టవలెను. దారి పొడవునను బ్రేకుపై కాలు ఆనించియుంచుట తగదు; విడిచినపుడే డ్రమ్ము చల్లారును.

ట్రాక్టరునకు కొన్ని ప్రత్యేక జాగ్రత్తలు కావలెను. దానికి కుడియెడమ చక్రములకు వేరువేరు బ్రేకు పెడళ్లుండును. అది పొలములో మలుపునకు సౌకర్యము. రోడ్డెక్కకముందే ఆ రెంటిని కలుపు లాకు వేయవలెను. వేయనిచో వాలుపై ఒకవైపు బ్రేకే పడి ట్రాక్టరు అడ్డము తిరుగును. వెనుకనున్న ట్రక్కు దానిపైకెక్కును. చాల ట్రక్కులకు సొంత బ్రేకులు లేవు. ఉన్నవి కొనగలవారు కొనుట మేలు. బరువు ట్రక్కు వెనుక కొసకు కాక, కొంచెము ముందువైపు పడునట్లు సర్దవలెను. అపుడు ట్రాక్టరు వెనుక చక్రములకు నేలపై పట్టు నిలుచును. వానలో ఒండ్రుమట్టి గట్టు సబ్బువలె జారునపుడు గేరు పట్టు కూడ చాలదు. ఇంజను చక్రమును ఆపగలదు గాని జారు మట్టిని ఆపలేదు. అట్టి దినమున సగము బరువుతో రెండుమార్లు దిగవలెను, లేదా గట్టు ఆరు వరకు వేచియుండవలెను.

ఈ మాటలు డ్రైవర్ల కొరకే యని ఇంటివారు తలంపవలదు. కోతల కాలమున ధాన్యపు బస్తాలమీద కూర్చుండి వచ్చువారు మన కూలీలే. తీర్థములకును పెండ్లిండ్లకును ట్రక్కులో ఎక్కువారు మన ఆడువారును పిల్లలును. బరువు వేసిన ట్రక్కుపై మనుష్యులను ఎక్కింపరాదని మనమే చెప్పుకొనవలెను. గట్టు వచ్చినపుడైనను అందరును దిగి నడువవలెను. కిరాయి మాట్లాడునపుడు, “త్వరగా రావయ్యా” అను మాటకు మారుగా, “గట్టుమీద ఆగి గేరు వేసికొని దిగు నాయనా, ఆలస్యమైనను పరవాలేదు” అని యజమాని యొక్క మాట అనిన, డ్రైవరునకు ఆ నిమిషము ఆగుటకు ధైర్యము కలుగును. తొందర పలుమార్లు డ్రైవరుది కాదు, పిలిచినవారిది.

బ్రేకు ఆగుటకు, ఇంజను దిగుటకు. దిగుటకు బ్రేకును వాడి అలయించినవానికి ఆగవలసివచ్చినపుడు బ్రేకు మిగులదు. ఎడ్లు మన గట్లను విడిచి చాలకాలమైనది గాని, వాటిని నడిపినవారి వివేకమును విడువవలసిన పని లేదు. వాలుమీద కాడి విప్పకుడు.