వాన లెక్కలు – వాని నమ్మకము

వాన రాకడయు, ప్రాణము పోకడయు ఎవ్వరును ఎరుగరని మన పెద్దల సామెత. అయినను రానున్న ముప్పది, నలువది యేండ్లలో వానలు ఎట్లుండునో నేడు కంప్యూటర్లు గణించి చెప్పుచున్నవి. జలాశయములు కట్టువారును, పంటల పద్ధతులు నిర్ణయించువారును ఆ లెక్కలను చూచుచున్నారు. వానిని ఎంతవరకు నమ్మవచ్చును?

భూగోళమంతటికిని చేయు శీతోష్ణస్థితి నమూనా వాతావరణమును పెద్ద గళ్లుగా విభజించును. ఒక్కొక్క గడి వెడల్పు నూరు కిలోమీటర్లుండుట కద్దు. అట్టి గడిలో పశ్చిమ కనుమలు పర్వతములుగా గాక, మెల్లని మెరకగా మిగులును. అందుచే కనుమలపై నున్న ఆగుంబెలో ఏటేట 7,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియుటయు, వర్షచ్ఛాయలో నున్న అనంతపురమునకు సుమారు 550 మాత్రమే లభించుటయు దానికి స్పష్టముగా గోచరింపవు.

ఈ లోపమును సవరించుటకే ప్రాంతీయ నమూనాలు పుట్టినవి. దక్షిణాసియాకై సాగిన కోర్డెక్స్ ప్రయోగములలో గడి వెడల్పు సుమారు 50 కిలోమీటర్లు. కొండల వాలు కొంత తేటపడుటచే, వాన ఎచ్చట అధికమో, ఎచ్చట అల్పమో మెరుగుగా తెలియును. ఎంత కురియును, ఎట్లు కురియును అనుచోటనే చిక్కులు కలవు.

మొదటిది వారసత్వము. ప్రాంతీయ నమూనా తన సరిహద్దులందలి గాలిని, తేమను, సముద్రపు వేడిమిని భూగోళ నమూనా నుండియే గ్రహించును. అందు అరేబియా సముద్రము ఉన్నదానికంటె చల్లగా నున్నచో, ఋతుపవనమున తేమ తగ్గి వాన తక్కువగా కనబడును. కాలువ ఎంత చక్కగా త్రవ్వినను, చెరువులో లేని నీరు పారదు గదా!

రెండవది మేఘము. ఉరుముల మేఘపు అడ్డుకొలత కొద్ది కిలోమీటర్లే. 50 కిలోమీటర్ల గడిలో అది కనబడదు. దాని పనిని ఉజ్జాయింపు సూత్రములచే చూపవలసివచ్చును. ఫలితముగా పలు నమూనాలు చిరుజల్లులను మిక్కిలి తరచుగాను, కుండపోతను అరుదుగాను చూపును. నెల మొత్తము సరిపోవచ్చును. కాని పది జల్లులుగా కురిసిన నూరు మిల్లీమీటర్లును, ఒక్క రాత్రి కురిసిన నూరును రైతునకు ఒక్కటియేనా? మొదటిది పైరునకు ప్రాణము. రెండవది చెరువుకట్టకు గండము. గళ్లను మూడు, నాలుగు కిలోమీటర్లకు కుదించినచో ఈ లోపము చాలవరకు తగ్గును. గణనభారము మాత్రము అనేక రెట్లు పెరుగును.

కావున నమూనాను ముందుగా గతముతో పరీక్షింపవలెను. 1901 మొదలుకొని దేశమందలి దైనిక వర్షపాతమును భారత వాతావరణ శాఖ గళ్లవారీగా సమకూర్చినది. గడచిన వానను చూపలేని నమూనా రానున్న వానను చూపునని నమ్మరాదు.

ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినచో గాలి సుమారు 7 శాతము అధికముగా తేమను ఇముడ్చుకొనగలదు. ఈ భౌతిక సూత్రము అండగా నున్నందున, జడివానలు బలపడునను మాటను గట్టిగా గ్రహింపవచ్చును. ఫలానా జిల్లాలో ఇన్ని మిల్లీమీటర్లను మాటను మాత్రము జాగ్రత్తతో వినవలెను. కట్టయో, వంతెనయో నిర్మించువారు ఒక్క నమూనా చెప్పిన ఒక్క అంకెను గాక, పలు నమూనాలు చెప్పిన కనిష్ఠ, గరిష్ఠములను రెంటిని అడిగి తెలిసికొనుట క్షేమము.