అశ్వహృదయం



నలమహారాజు కథ మీకు తెలిసినదే. గుర్రాల మనసెరిగి నడిపే ఆయన విద్యను అశ్వహృదయమన్నారు. ఈనాడు చాలా దేశాల్లో కోపాన్నీ భయాన్నీ పట్టలేని పిల్లలకు గుర్రాల చెంతనే ఆ నిగ్రహం నేర్పుతున్నారు. ఇది స్వారీ కోసం కాదు. ఎక్కువసేపు పిల్లలు నేలమీదే ఉండి గుర్రాన్ని తోముతారు, పగ్గం పట్టి నడిపిస్తారు.

గుర్రమే ఎందుకు? అంత పెద్ద ఒళ్ళున్నా అది గడ్డి మేసే ప్రాణి. ఆపద వస్తే పరుగే దానికి రక్ష. అందుకే ఎదుటివారి నడకనూ, గొంతునూ, ఒంటి బిగువునూ ఇట్టే పసిగడుతుంది. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపారు. కోపంగా ఉన్న ముఖం చూసినప్పుడు వాటి గుండె త్వరగా వేగం పుంజుకుంది.

పిల్లవాడు విసురుగా వెళితే గుర్రం తల ఎత్తేస్తుంది, పక్కకు జరుగుతుంది. తిట్టదు, నిన్నటి తప్పు ఎత్తిపొడవదు. పక్కనున్న శిక్షకుడు "నీ భుజాలు ఎలా ఉన్నాయో చూసుకో" అంటాడు. పిల్లవాడు ఆగి, ఊపిరి నెమ్మదిగా వదిలి, పక్కనుంచి వచ్చి, పలకరించి మెడ నిమురుతాడు. గుర్రం తల దించుతుంది. తనలోని మార్పు వాడికి ఎదురుగా కనబడుతుంది. వెనకనుంచి పోవద్దనీ, పలకరించి తాకమనీ మన జట్కావాళ్ళు చెప్పిందీ ఇదే.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే మన పిల్లలకు ఒక్కోసారి మనసులో మాట ఏ భాషలోనూ పెగలదు. అప్పుడు వాడు చెయ్యి చేసుకుంటాడు. మనం మొండివాడంటాం. గుర్రం ముందు ఆ భాషల చిక్కు లేదు.

అయితే ఇది వైద్యానికి బదులు కాదు. గుర్రం భయపడితే తన్నగలదు, కరవగలదు. తర్ఫీదు పొందినవారు పక్కన ఉండాలి, తలకు హెల్మెట్ ఉండాలి. పిల్లవాడు భయపడితే బలవంతం చేయకూడదు.

మన ఊళ్ళో అలాంటి గుర్రాలు లేకపోవచ్చు. కాని ఆ పాఠం మన ఇంట్లోనూ పనికొస్తుంది. "నెమ్మదిగా ఉండరా!" అని మనమే కేకవేస్తే ఏ బిడ్డ నెమ్మదిస్తాడు? ముందు మన భుజాలు దించుదాం, గొంతు తగ్గిద్దాం, పక్కన కూర్చుందాం. గుర్రం చూసినట్టే బిడ్డ కూడా మన మాటకన్నా ముందు మన ఒంటినే చూస్తాడు.

సెలవు.